ఏసీ ఫిల్టర్ మనమే మార్చుకోవచ్చా? పాతది గాలి కొట్టించి వాడితే సరిపోతుందా?

తిరుచానూరు స్విఫ్ట్:

అందరికీ నమస్కారం. బండి 2019 స్విఫ్ట్ పెట్రోలు, 41 వేల కిలోమీటర్లు తిరిగింది. ఎక్కువగా తిరుపతి ఊళ్లోనే, అప్పుడప్పుడు చిత్తూరు. ఇప్పుడు రెండు ఇబ్బందులు. బ్లోయర్ మూడులో పెట్టినా గాలి వెనక సీటు దాకా రావడం లేదు, హోరు మాత్రం బాగా వినపడుతోంది. రెండోది, పొద్దున ఏసీ వేయగానే కాసేపు ముక్కిన తడిగుడ్డ వాసన. సర్వీసులో చూపిస్తే ఏసీ ఫిల్టర్ మార్చాలి, కూలింగ్ కాయిల్ కడగాలి, లేదంటే మైలేజీ కూడా పడిపోతుంది అన్నారు.

ఫిల్టర్ ఇంటి దగ్గర మనమే మార్చుకోవచ్చా? ఏ పనిముట్లు కావాలి? పాతదాన్ని పంచర్ షాపులో గాలి కొట్టించి మళ్లీ పెడితే సరిపోతుందా? మామూలు తెల్లది మేలా, కార్బన్‌ది మేలా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పాకాల స్పానర్:

అన్నా, మైలేజీ మాట ముందు పక్కన పెట్టేయండి. ఇంజన్‌కి గాలి వెళ్లే ఎయిర్ ఫిల్టర్ వేరు, అది బానెట్ కింద నల్ల డబ్బాలో ఉంటుంది. మీరు అడిగేది లోపల కూర్చున్నవాళ్లు పీల్చే గాలికి పెట్టే ఫిల్టర్. ఇది పూర్తిగా మూసుకుపోయినా ఇంజన్ పికప్పుకి, మైలేజీకి ఏమీ కాదు. షాపులో కూడా ఏసీ ఫిల్టర్ అనే అడగండి. ఉత్తగా ఎయిర్ ఫిల్టర్ అంటే ఇంజన్‌ది తెచ్చి చేతిలో పెడతారు.

మీ బండికి మీరే మార్చుకోవచ్చు. టార్చి, పొడిగుడ్డ, ముక్కుకి మాస్కు ఉంటే చాలు. తీరిగ్గా చేసినా పావుగంట పని.

మొదట ఇగ్నిషన్ ఆన్ చేసి, గాలి లోపలే తిరిగే బటన్, అదే కారు బొమ్మలో బాణం చుట్టు తిరిగి ఉండేది, నొక్కండి. ఆ తర్వాత ఇగ్నిషన్ ఆఫ్ చేయండి. ఇట్లా చేస్తే బయటి గాలి వచ్చే తలుపు మూసుకుని ఉంటుంది. ఫిల్టర్ లాగేటప్పుడు పైన ఇరుక్కున్న ఆకులు, మట్టి బ్లోయర్ ఫ్యాన్‌లో పడవు. ఈ ఒక్కటి చాలామంది వదిలేస్తారు. తర్వాత ఏసీ వేస్తే టకటకమని ఆకు కొట్టుకునే శబ్దం వస్తుంది, దాన్ని తీయాలంటే బ్లోయరే విప్పాలి.

గ్లోవ్ బాక్స్ ఖాళీ చేసి తెరవండి. పక్కన సన్న తాడు గానీ ప్లాస్టిక్ చేయి గానీ ఉంటే దాన్ని కొక్కెం నుంచి పక్కకు జరిపి తీయండి, లాగొద్దు. ఇప్పుడు బాక్స్ రెండు పక్క గోడల్ని అరచేతులతో లోపలికి నొక్కితే ఆపుడు ముక్కలు తప్పుకుని బాక్స్ మొత్తం కిందికి వాలిపోతుంది. వెనక నల్ల ప్లాస్టిక్ డబ్బా, దానికి పొడుగాటి మూత కనపడతాయి. మూత లాకు వేలితో నొక్కి లాగితే వచ్చేస్తుంది. ఎండలో నిలిపిన బండిలో ప్లాస్టిక్ కాస్త సాగుతుంది, తెల్లవారుజామున చలికి బిగుసుకుని ఉంటుంది. లాకు విరిగేది బిగుసుకున్నప్పుడే, కాబట్టి పొద్దెక్కినాక చేయండి. లాకు విరిగితే మూత సరిగ్గా కూర్చోదు, ఫిల్టర్‌లోంచి పోవాల్సిన గాలి ఆ సందు దగ్గర పక్కదారి పడుతుంది.

ఫిల్టర్‌ని నిదానంగా, అటూ ఇటూ వంచకుండా లాగండి. లాగేముందు దాని అంచు మీద బాణం ఎటు చూపిస్తోందో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. తీసినాక ఏ వైపు నల్లగా ఉందో చూడండి. మురికి ఎప్పుడూ గాలి వచ్చే వైపే పడుతుంది. బాణం తోక మురికి వైపు, మొన శుభ్రమైన వైపు ఉండాలి. అట్లా లేకపోతే పోయినసారి పెట్టినవాళ్లు తిరగేసి పెట్టారన్నమాట. అందుకే పాతది ఎట్లా ఉందో కొత్తది అట్లానే పెట్టడం కాకుండా మురికిని చూసి నిర్ధారించుకోవాలి.

బాణంతో పాటు కొన్ని ఫిల్టర్ల మీద ఇంగ్లీషులో 'అప్' (UP) అని ఉంటుంది, కొన్నిటి మీద 'ఎయిర్ ఫ్లో' అని ఉంటుంది. మొదటిది ఏ అంచు పైకి రావాలో చెప్పేది, రెండోది గాలి ఎటు పోవాలో చెప్పేది. ఈ రెండూ కలగలిపేసుకుని తలకిందులు పెట్టేవాళ్లు చాలామంది. ఎయిర్ ఫ్లో బాణం బ్లోయర్ వైపు చూడాలి.

కొత్తది పెట్టేముందు డబ్బా లోపల టార్చి వేసి, మట్టి ఉంటే పొడిగుడ్డతో తుడవండి. కొత్త ఫిల్టర్‌కి చుట్టిన పల్చటి ప్లాస్టిక్ కవరు తీసేశారో లేదో చూసుకోండి. కవరుతోనే పెట్టేసి గాలి రావట్లేదని వచ్చే బండ్లు నిజంగానే ఉన్నాయి.

పంచర్ షాపు గాలి వద్దు. ఆ ట్యాంకులో 100 పీఎస్ఐ పైనే ఉంటుంది. నాజిల్ దగ్గరగా పెట్టి కొడితే మడతల్లో కంటికి కనపడని చిరుగులు పడతాయి. మట్టి పోయినట్టు తెల్లగా కనపడుతుంది, కానీ సన్న దుమ్ము ఆ చిరుగుల్లోంచి నేరుగా లోపలికి పోతుంది. మధ్యలో శుభ్రం చేయాలంటే ఫిల్టర్‌ని మురికి వైపు కిందికి పెట్టి నేల మీద మెల్లగా తట్టండి. గాలే కొట్టాలంటే 30 పీఎస్ఐ లోపల, జానెడు దూరం నుంచి, శుభ్రంగా ఉన్న వైపు నుంచి మురికి వైపుకి. అది కూడా మార్పుకీ మార్పుకీ మధ్య ఒక్కసారి. 41 వేలు నడిచిన బండిలో అదే పాత ఫిల్టర్ ఉంటే దాన్ని పారేయడమే.

తిరుచానూరు స్విఫ్ట్:

చాలా థ్యాంక్స్ అన్నా. నీళ్లతో కడిగి ఎండలో ఆరబెడితే? కడగొచ్చు అని ఒకచోట రాసి ఉంది. కార్బన్ సంగతి కూడా చెప్పండి.

రేణిగుంట కూలింగ్:

కడగొద్దు సార్. ఫిల్టర్ దారాలకు తయారీలోనే స్థిర విద్యుత్తు ఎక్కిస్తారు. దారాల మధ్య సందుల కంటే చిన్న రేణువుల్ని కూడా ఆ ఆకర్షణే పట్టుకుంటుంది. సబ్బు నీళ్లు తగిలితే ఆ శక్తి పోతుంది. ఆరినాక చూడ్డానికి కొత్తదాని మాదిరి ఉంటుంది, పెద్ద మట్టిని ఆపుతుంది, పొగ లాంటి సన్నదాన్ని వదిలేస్తుంది. పైగా మడతల లోపల తడి మిగిలితే బూజు పడుతుంది. కడిగి వాడుకోవచ్చని ప్యాకెట్ మీద కంపెనీయే రాసిన జాలీ రకాలు వేరు, వాటితో పోల్చుకోవద్దు.

కార్బన్ ఫిల్టర్ ముదురు బూడిద రంగులో ఉంటుంది, రెండు పొరల మధ్య బొగ్గు రేణువులు ఉంటాయి. దుమ్ము విషయంలో తెల్లదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా వాసనలు, వాహనాల పొగలోని వాయువుల విషయంలోనే. లీలామహల్ సర్కిల్, ఆర్టీసీ బస్టాండు, అలిపిరి చెకింగ్ దగ్గర లైన్లో నిలబడటం మీకు రోజూ ఉంటే కార్బన్ పెట్టండి. కాలేజీకి, ఆఫీసుకి నాలుగు కిలోమీటర్లు పోయి వచ్చే బండికి తెల్లది చాలు. సుమారుగా చిన్న కార్లకు తెల్లది 200 నుంచి 500 రూపాయల లోపల, కార్బన్‌ది దానికి రెండింతల దాకా పడుతుంది. కంపెనీ ఒరిజినల్ గానీ, బాష్, మాలే, వాలియో లాంటివి గానీ తీసుకోండి. బ్రాండ్ కంటే కొలత ముఖ్యం. పాత ఫిల్టర్ షాపుకి తీసుకెళ్లి పొడవు, వెడల్పు, మందం మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. మందం అయిదు మిల్లీమీటర్లు తగ్గినా అంచు పక్కన సందు పడుతుంది, గాలి ఎప్పుడూ సులువైన దారే చూసుకుంటుంది. ఎంత ఖరీదైన ఫిల్టరైనా ఆ సందు ముందు దండగే.

ఇంకో మాట. ఎండకు ఎత్తిపట్టి వెలుతురు కనపడితే బాగున్నట్టే అని చూస్తారు కదా, అది తెల్లదానికే పనికొస్తుంది. కార్బన్‌ది కొత్తదైనా వెలుతురు రానివ్వదు. బొగ్గు నిండిపోయిందని తెలిపే గుర్తు బయటికి ఏమీ కనపడదు, కాబట్టి దానికి కాలం లెక్కే ఆధారం. ఏడాది మించి ఉంచొద్దు. హెపా అని బాగా దట్టంగా ఉన్నవి అమ్ముతున్నారు. చిన్న కారు బ్లోయర్ వాటిలోంచి గాలిని లాగలేక గాలి తగ్గుతుంది. మీ ఫిర్యాదే గాలి తగ్గిందని, మళ్లీ దాన్నే కొనుక్కోవద్దు.

ఇక వాసన. ఫిల్టర్ మార్చగానే వాసన పోతుందని ఆశపడొద్దు. ముక్కిన వాసన వచ్చేది ఎక్కువగా కూలింగ్ కాయిల్ మీద నుంచి. ఏసీ నడిచినంతసేపూ కాయిల్ మీద నీళ్లు పడుతుంటాయి, బండి ఆపేసినాక ఆ తడి చీకట్లో అట్లాగే ఉండిపోతుంది. దాని మీద సన్న మట్టి ఉంటే బూజుకి కావలసినవన్నీ అమరినట్టే. ఫిల్టర్ పని ఆ మట్టిని కాయిల్ దాకా పోనివ్వకపోవడం. ఫిల్టర్ లేకుండా, లేదా చిరిగినదానితో చాలాకాలం నడిపిన బండికి కాయిల్ ముఖం మీద మట్టి పేస్టులా పేరుకుంటుంది. అప్పుడు డాష్‌బోర్డు విప్పాల్సి వస్తే ఫిల్టర్ ఖర్చుకి ఎన్నో రెట్లు.

మీరు ఇట్లా చేయండి. ముందు ఫిల్టర్ మార్చి వారం రోజులు చూడండి. ఇల్లు చేరడానికి మూడు, నాలుగు నిమిషాల ముందు ఏసీ బటన్ మాత్రం ఆపి, బ్లోయర్ మూడులో, బయటి గాలి మోడ్‌లో నడవనివ్వండి, కాయిల్ ఆరుతుంది. చాలా బండ్లకు వాసన దీంతోనే తగ్గిపోతుంది. అప్పటికీ తగ్గకపోతే కాయిల్‌కి ఫోమ్ క్లీనర్ కొట్టాలి. కాయిల్ నీళ్లు బండి కిందికి పోయే డ్రెయిన్ పైపు నుంచి గొట్టం లోపలికి పంపి కొట్టించండి. ఫిల్టర్ గూట్లోంచి ఇష్టమొచ్చినట్టు కొడితే మొదట తడిసేది బ్లోయర్ మోటారు. డబ్బా మీద రాసినంతసేపు ఆగి, ఫోమ్ నీళ్లయి కిందికి కారినాక అద్దాలు దించి, ఏసీ లేకుండా బ్లోయర్ నడపాలి.

సెంటు సీసాలు, అగరుబత్తీలతో వాసన కప్పొద్దు. దండం పెట్టుకోవడానికి అగరుబత్తి వెలిగిస్తే అద్దాలు దించి, బ్లోయర్ ఆపి వెలిగించండి. గాలి లోపలే తిరిగే మోడ్‌లో ఆ పొగంతా ఫిల్టర్ గుండానే, కాయిల్ మీదుగానే మళ్లీ మళ్లీ పోతుంది.

చిత్తూరు హైవే:

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో ఎవరూ చెప్పలేదు. మాన్యువల్‌లో మీ మోడల్‌కి ఏముందో చూడండి. ఎక్కువ కార్లకు 10 వేల నుంచి 15 వేలు, లేదా ఏడాది, ఏది ముందైతే అది. కానీ దుమ్ము రోడ్లకు ఇంకా ముందే మార్చమని కంపెనీలే రాస్తాయి, మన చిత్తూరు చుట్టుపక్కల రోడ్లు ఆ కిందికే వస్తాయి. గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్ల దగ్గర రోడ్డు మీద పడిన బురద ఆరితే గంధం పొడిలా లేస్తుంది. పొలాల ఎర్రమట్టి రేణువు లావుగా ఉండి మడతల పైనే నిలుస్తుంది, తట్టితే రాలిపోతుంది. గ్రానైట్ పొడి లోపలికి దిగిపోయి తట్టినా రాదు. ఆ రోడ్ల మీద రోజూ తిరిగే బండికి 5 వేలకోసారి తీసి చూడటం తప్పదు. లారీ వెనక పడినప్పుడు, రోడ్డు పనులు జరిగే చోట, చెరకు ఆడే కాలంలో బెల్లం గానుగల పొగ దగ్గర లోపలి గాలి మోడ్ పెట్టండి. ఫిల్టర్ ఆయుష్షు అక్కడే పెరుగుతుంది.

అయితే ఆ మోడ్‌లోనే గంటలకొద్దీ ఉండొద్దు. అయిదుగురు కూర్చున్న కారులో బొగ్గుపులుసు గాలి పెరిగి తల బరువెక్కుతుంది, డ్రైవరుకి మత్తుగా ఉంటుంది. అరగంటకోసారి రెండు నిమిషాలు బయటి గాలి రానివ్వండి.

ఏడాదికి ఒక్కసారే మారుస్తానంటే ఎప్పుడు మార్చాలి? నా లెక్క ప్రకారం సంక్రాంతి దాటినాక. మనకి గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలు తడి ఆకులు, చెమ్మ అన్నీ ఫిల్టర్ మీదే. ఎండాకాలం ముందు మారిస్తే, ఏసీ అన్నిటికంటే ఎక్కువ నడిచే ఏప్రిల్, మే నెలలకి శుభ్రమైన ఫిల్టర్ ఉంటుంది. వానలకు ముందు సెప్టెంబరులో ఒకసారి తీసి తట్టి, వైపర్ల కింది జాలీ శుభ్రం చేసుకుంటే చాలు. ఆ జాలీ పైన వేప, చింత ఆకులు రాలి కుళ్లిపోతాయి. చింతాకు మరీ సన్నం, జాలీ సందుల్లోంచి జారి నేరుగా ఫిల్టర్ మీద చేరుతుంది. చింతచెట్టు కింద బండి పెట్టేవాళ్లు నెలకోసారైనా అక్కడ చెయ్యి పెట్టి తీయాలి.

భాకరాపేట ఘాట్:

ఘాట్ ఎక్కేవాళ్లకి ఒక మాట. వానాకాలం తెల్లవారుజామున తిరుమల దారిలో మంచు దిగినప్పుడు ముందు అద్దానికి లోపల ఆవిరి పడుతుంది. ఆ ఆవిరిని తీసేది అద్దం మీదికి వచ్చే గాలి. ఫిల్టర్ మూసుకుపోయిన బండిలో ఆ గాలి బలంగా రాదు, అద్దం తేరుకోవడానికి చాలాసేపు పడుతుంది, మలుపుల మీద అది ప్రమాదం. అద్దం బటన్ నొక్కి, ఏసీ ఆన్‌లో, బయటి గాలి మోడ్‌లో పెట్టండి. లోపలి గాలి మోడ్‌లో అయితే మన ఊపిరి తడే తిరిగి అద్దానికి పడుతుంది.

దిగేటప్పుడు వచ్చే కాలిన వాసనకి ఫిల్టర్ కారణం కాదు, కార్బన్ పెట్టి దాన్ని దాచుకోవాలని చూడొద్దు. అది బ్రేకులు వేడెక్కిన వాసన. గేరు తగ్గించి ఇంజన్ పట్టు మీద దిగండి, వాసన తగ్గకపోతే పక్కన ఆపి చల్లారనివ్వండి.

ఎలుకల సంగతి కూడా చెప్పాలి. కొండ కింద, తోటల పక్కన బండి పెట్టేవాళ్లకి ఫిల్టర్ మీద గూడు కనపడటం కొత్త కాదు. ఫిల్టర్ కొరికి, ఆ పీచుతోనే గూడు అల్లుతాయి. మూత తీయగానే వేపగింజలు, పెంటికలు కనపడితే ఉత్త చేతులతో ముట్టొద్దు, గాలితో ఊదొద్దు, పొడిగా ఊడ్వొద్దు. గ్లోవ్స్, మాస్కు వేసుకుని బ్లీచింగ్ కలిపిన నీళ్లతో తడిపి, పది నిమిషాలు ఆగి గుడ్డతో తీయాలి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. ఫిల్టర్ పారేయాల్సిందే, తుడిచి వాడటం లేదు. మళ్లీ రాకుండా వైపర్ల జాలీ కింద స్టీలు మెష్ బిగించుకోవచ్చు, కన్ను ఆరు మిల్లీమీటర్లు మించొద్దు. దోమల జాలీ వేస్తే మట్టితో మూసుకుపోయి గాలి ఆగిపోతుంది. వాన నీళ్లు పోయే కంతలకి మెష్ అడ్డం రాకుండా చూసుకోండి.

తిరుచానూరు స్విఫ్ట్:

ఫిల్టర్ తీశాను. నల్లగా, మడతల్లో ఆకులతో నిండిపోయి ఉంది, బాణం కూడా తిరగేసే ఉంది. కొత్తది తెల్లదే పెట్టాను, గాలి బ్రహ్మాండంగా వస్తోంది. ఇప్పుడు చూస్తే ఎడమ సీటు ముందు మ్యాట్ కింద తడిగా ఉంది. ఫిల్టర్ పెట్టడంలో ఏమైనా తేడా చేశానా?

రేణిగుంట కూలింగ్:

ఫిల్టర్ వల్ల కాదు సార్, డ్రెయిన్ పైపు మూసుకున్నట్టుంది. మీకు వచ్చే తడిగుడ్డ వాసనకి కూడా ఇదే మూలం కావచ్చు. ఏసీ వేసి పావుగంట బండి నిలబెట్టండి. మనకున్న చెమ్మకి బండి కింద, ఎడమ వైపు చుక్కలు చుక్కలుగా నీళ్లు పడాలి. పడకపోతే కాయిల్ నీళ్లు బయటికి పోయే దారి లేక లోపలికి పొంగుతున్నట్టు. కింద ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ దగ్గర వేలంత రబ్బరు పైపు ఉంటుంది, దాని చివర మట్టి గానీ పురుగుల గూడు గానీ ఉంటుంది. మెత్తటి ప్లాస్టిక్ వైరు రెండు మూడు అంగుళాలు మెల్లగా పంపి తిప్పండి. ఇనుప చువ్వ వద్దు, కాయిల్‌కి తగిలితే గ్యాస్ పోతుంది. బండి జాకీ మీద లేపి కింద దూరొద్దు, ర్యాంపు ఉన్న షాపులో చేయించండి.

తడిని వేలితో తాకి చూడండి. నీళ్లలా ఉండి వాసన లేకపోతే డ్రెయిన్ లైనే. వాన పడినప్పుడే తడి వస్తుంటే వైపర్ల జాలీ కింద నీళ్లు పోయే కంతలు మూసుకున్నట్టు. జిగటగా, తియ్యటి వాసనతో, రంగుగా ఉంటే అది కూలెంటు, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం. డాష్‌బోర్డు లోపల ఉండే హీటర్ కోర్ కారుతోందన్నమాట. అప్పుడు బానెట్ కింద కూలెంటు డబ్బాలో గీత చూసి, తగ్గిపోయి ఉంటే బండి నడపకుండా వర్క్‌షాపువాళ్లనే పిలిపించండి. డ్రెయిన్ తెరిచినాక మ్యాట్ కింది ఫోమ్ పూర్తిగా ఆరాలి, దాన్ని ఎత్తి రెండు రోజులు ఎండ తగలనివ్వండి.